కాపీలో తప్పు పోలేదు: నల్లగొండ క్లినిక్‌లో ఒక తలసీమియా కేసు

కుటుంబం ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. పేర్లు, ఊరు రాయడం లేదు.

పాపని మొదటిసారి తెచ్చినప్పుడు వయసు ఏడు నెలలు. "పాలు సరిగ తాగుతలేదు సార్, ఊకె ఏడుస్తది, తెల్లగ అయితంది" అంది తల్లి. చేనేత కుటుంబం. తండ్రి మగ్గం మీద కూర్చుంటాడు, తాత చిటికి కడతాడు (రంగు అంటకూడని చోట నూలు కట్ట మీద ముడులు వేయడం), ఆడవాళ్లు ఆసు పోస్తారు. ఆ రోజు సోమవారం, బయట నలభై మంది దాకా ఉన్నారు. కింది రెప్ప లాగి చూస్తే పాలిపోయి ఉంది. హిమోగ్లోబిన్ 7.8. ఎర్రకణాలు చిన్నవిగా ఉన్నాయి, వాటి సైజు చెప్పే ఎంసీవీ 63. ఆ వయసులో, పాల మీదే పెరుగుతున్న పిల్లల్లో ఇలాంటి రిపోర్ట్ వస్తే చాలాసార్లు ఐరన్ లోపమే అయి ఉంటుంది. ఐరన్ సిరప్ రాసి, ఆరు వారాలకి రమ్మన్నాను.

పొట్ట పరీక్ష చేశానా? కేస్‌షీట్‌లో "సాఫ్ట్" అని నా చేతిరాతే ఉంది. గుక్కపట్టి ఏడుస్తున్న పిల్ల పొట్ట మీద రెండు సెకన్లు చెయ్యి ఆనించి రాసే ఆ "సాఫ్ట్"ని ఎంత నమ్మొచ్చో పిల్లల డాక్టర్లు ఎవరినడిగినా చెప్తారు.

ఆరు వారాల తర్వాత హిమోగ్లోబిన్ 6.1కి పడిపోయింది. సిరప్ తప్పకుండా పోశారు, సీసాలు కూడా పట్టుకొచ్చారు. ఐరన్ లోపమే అయితే ఈపాటికి పెరగాలి. ఈసారి పాప తల్లి ఒళ్లో నిద్రపోతోంది. నిదానంగా చెయ్యి పెట్టి చూస్తే ఎడమవైపు ప్లీహం పక్కటెముకల కింద నాలుగు సెంటీమీటర్లు తగిలింది. లివర్ కూడా కొంచెం పెరిగింది. స్లైడ్ నేనే చూశాను: నడుమ చుక్క పెట్టినట్టుండే టార్గెట్ కణాలు, ఇంకా న్యూక్లియస్ వదలని పసి ఎర్రకణాలు. ఎముక మజ్జలోనే ఉండి తయారవాల్సిన కణాలు అవి. రక్తంలోకి వచ్చేశాయంటే లోపల మజ్జ ఎంత కంగారులో ఉందో తెలుస్తుంది.

వెంటనే రక్తం ఎక్కించాల్సిన స్థితే. అయినా ముందు రెండు మిల్లీలీటర్లు తీసి హెచ్‌పీఎల్‌సీకి పంపాను, రక్తంలో ఏ రకం హిమోగ్లోబిన్ ఎంత ఉందో చెప్పే పరీక్ష అది. ఈ కేసులో నేను సరిగా చేసిన మొదటి పని అదే. ఎవరిదో రక్తం ఒకసారి ఎక్కించాక ఆ దాత హిమోగ్లోబిన్ కూడా కలిసిపోతుంది, రిపోర్ట్‌ని నమ్మడానికి ఉండదు, మళ్లీ నెలల తరబడి ఆగాలి.

రిపోర్ట్‌లో హెచ్‌బీ ఎఫ్ 94 శాతం. అది గర్భంలో ఉన్నప్పటి హిమోగ్లోబిన్. పుట్టాక నెలనెలా తగ్గుతూ, దాని చోటులో పెద్దల హిమోగ్లోబిన్ రావాలి. ఆ మార్పిడికి బీటా గ్లోబిన్ అనే ప్రొటీన్ కావాలి. అది రాకపోతే పాత సరుకు అయిపోతూ ఉంటుంది, కొత్త సరుకు రాదు. ఈ పిల్లలు పుట్టినప్పుడు బొద్దుగా బాగానే ఉండి, ఆరో నెల దాటాక పాలిపోవడానికి కారణం ఇదే. బీటా తలసీమియా మేజర్.

తల్లిదండ్రుల రక్తం కూడా చూశాం. తల్లికి హిమోగ్లోబిన్ 10.8, ఎర్రకణాలు 56 లక్షలు, ఎంసీవీ 62. తండ్రికి 12.9, 63 లక్షలు, 65. కణాల సంఖ్య ఎక్కువ, సైజు చిన్నది. ఎంసీవీని మిలియన్లలో ఉన్న కణాల సంఖ్యతో (56 లక్షలంటే 5.6) భాగిస్తే తల్లికి 11, తండ్రికి 10 వస్తుంది. ఈ లెక్క 13 కంటే తక్కువ వస్తే తలసీమియా క్యారియర్ అని, అంటే జబ్బు లేకుండా పాడైన జన్యువు ఒకటి మోస్తున్నారని అనుమానించాలి. క్యారియర్లలో పెరిగే హెచ్‌బీ ఏ2 అనే రకం హిమోగ్లోబిన్ కూడా ఇద్దరికీ 5 శాతం పైనే ఉంది. తల్లి గర్భంతో ఉన్నన్నాళ్లూ రక్తం తక్కువుందని ఐరన్ మాత్రలు మింగుతూనే ఉంది. ఆ రిపోర్ట్‌లు పాలిథిన్ సంచిలో భద్రంగా దాచుకుంది. ప్రతిదాంట్లో ఎంసీవీ అచ్చయి ఉంది. ఎవరూ ఆ గడి దాకా చూడలేదు. పాప ఎంసీవీ చూసి కూడా నేనూ ఆరు వారాలు ఇది అనుకోలేదు కాబట్టి ఇంకొకర్ని అనే హక్కు నాకు లేదు.

నేను వాడిన వాక్యం

జబ్బు గురించి చెప్పడానికి అందర్నీ కూర్చోబెట్టాను. తండ్రి, తల్లి, తాత. తండ్రికీ తల్లికీ మేనరికం. అబ్బాయి నాన్నా, అమ్మాయి అమ్మా తోడబుట్టినవాళ్లు. అంటే ఈ తాత ఆమెకి మామే కాదు, అంతకుముందు నుంచే మేనమామ.

ఆ రోజు నేనన్న మాట ఇది: "డీఎన్ఏ కాపీ అయ్యేటప్పుడు ఒక అక్షరం తప్పు పడిందమ్మా. అందుకే పాపకి రక్తం సరిగా తయారవడం లేదు."

చాలామంది డాక్టర్లు ఇలాగే చెప్తారు. తేలిగ్గా అర్థమవుతుందని అనుకుంటాం. తల్లికి నిజంగానే తేలిగ్గా అర్థమైంది, కాకపోతే నేను అనుకున్నట్టు కాదు. బయటికి వెళ్లేటప్పుడు తలుపు దగ్గర ఆగి అడిగింది: "నేను కడుపుతోని ఉన్నప్పుడు ఏడో నెల దాకా ఆసు పోసిన సార్. గంటలు గంటలు చెయ్యి ఆడిస్తనే ఉన్న. అందుకేనా తప్పు పడ్డది?"

ఆసు అంటే చూడనివాళ్లకి ఒక మాట. అర్ధచంద్రాకారంలో మేకులు ఉంటాయి. దారాన్ని నడుమ మేకు నుంచి అంచు మేకుకి, అక్కణ్నుంచి వెనక్కి, చీరకి వేల సార్లు చేత్తో తిప్పాలి. భుజాలు పడిపోతాయి. మన పాత నల్లగొండ జిల్లావాడే చింతకింది మల్లేశం ఆ పని చేసే యంత్రాన్ని కనిపెట్టి 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఈమె ఇంట్లో ఇంకా చేత్తోనే పోస్తున్నారు. రోజుకి వేలసార్లు చెయ్యి ఆడించిన మనిషికి నేను "కాపీలో తప్పు" అంటే ఆమె ఆ తప్పుని తన చేతుల్లోనే వెతుక్కుంది.

నా వాక్యం సైన్స్ ప్రకారం కూడా తప్పే. ఈ పాప విషయంలో కాపీ తప్పలేదు. ఎప్పుడో పడ్డ తప్పుని అక్షరం పొల్లు పోకుండా కాపీ చేస్తూ వచ్చింది. ఈ రెండు మాటలకీ ఉన్న తేడా ఒక తల్లి రాత్రి నిద్రకి సంబంధించింది.

ప్రిస్క్రిప్షన్ వెనక

తర్వాతి విజిట్‌కి డీఎన్ఏ రిపోర్ట్ వచ్చింది. హైదరాబాద్ ల్యాబ్ నుంచి, పాపదీ తల్లిదండ్రులదీ. బీటా గ్లోబిన్ జన్యువు పదకొండో క్రోమోజోమ్ మీద ఉంటుంది, సుమారు 1,600 అక్షరాలు. డీఎన్ఏ రాతకి ఏ, టీ, జీ, సీ అనే నాలుగే అక్షరాలు. మనిషి మొత్తం డీఎన్ఏ ఒక సెట్టుకి 300 కోట్ల అక్షరాలైతే అందులో ఇది ఎంత? అందులోనూ మార్పు ఒక్క అక్షరంలో. జన్యువు మొదటి ముక్క అయిపోయి, ప్రొటీన్‌కి అక్కర్లేని ఇంట్రాన్ మొదలయ్యే చోట, అయిదో అక్షరం. జీ ఉండాల్సిన చోట సీ ఉంది. మన దేశంలో బీటా తలసీమియా కేసుల్లో అన్నిటికంటే ఎక్కువగా దొరికేది ఈ మార్పే.

ఈసారి ఉపన్యాసం ఇవ్వలేదు. ప్రిస్క్రిప్షన్ కాగితం తిప్పి, తెలుగులోనే పెద్దగా రాశాను:

జీ టీ టీ జీ జీ టీ

తాతకి పెన్ను ఇచ్చి రూల్ చెప్పాను. ఏ ఎదురుగా టీ, జీ ఎదురుగా సీ, అటూ ఇటూ అంతే. ఇంకో జత లేదు. కింద జత రాయమన్నాను. కళ్లద్దాలు సవరించుకుని రాశాడు: సీ ఏ ఏ సీ సీ ఏ.

డీఎన్ఏ అంటే ఈ రెండు వరుసలూ ఒకదానికొకటి అతుక్కుని మెలితిరిగిన నిచ్చెన. వాట్సన్, క్రిక్ 1953లో చెప్పింది ఇదే. కణం రెండుగా చీలేముందు ఈ నిచ్చెన నడిమికి విడిపోతుంది. పై వరుసకి కొత్త జత, కింది వరుసకి కొత్త జత తయారవుతాయి. ఒక నిచ్చెన రెండవుతుంది, ప్రతిదాంట్లో సగం పాతది, సగం కొత్తది. సగం సగం అన్న మాట ఊహ కాదు. 1958లో మెసెల్సన్, స్టాల్ అనే ఇద్దరు బ్యాక్టీరియాని బరువైన నైట్రోజన్‌తో పెంచి, తర్వాత మామూలు నైట్రోజన్‌లోకి మార్చి, డీఎన్ఏ బరువు చూసి తేల్చారు. ఒక తరం తర్వాత బరువు సరిగ్గా మధ్యలోకి వచ్చింది.

కాగితం నడిమికి చింపి, కింది ముక్క తాతకే ఇచ్చాను. "దీనికి పైన జత రాయండి." రాశాడు: జీ టీ టీ జీ జీ టీ. మొదటిదే తిరిగి వచ్చింది.

ఇప్పుడు ఇంకో కాగితం మీద పాప వరుస రాశాను: జీ టీ టీ జీ సీ టీ. జత రాయమంటే సీ ఏ ఏ సీ జీ ఏ అని రాశాడు. అది చింపి, కింది ముక్కకి మళ్లీ జత. జీ టీ టీ జీ సీ టీ. ఇంకోసారి. మళ్లీ అదే. నాలుగోసారి పెన్ను పక్కన పెట్టేశాడు.

"నేను తప్పు రాయలే గద సార్. రూల్ ప్రకారమే రాసిన. అయినా గదే వస్తంది."

అదే నేను చెప్పదలచుకున్నది. కాపీ చేసే ఎంజైమ్ పేరు డీఎన్ఏ పాలిమరేజ్. ఎదురుగా ఉన్న అక్షరానికి జత కుదిరిందా లేదా అన్నదొక్కటే అది చూస్తుంది. రాసి ఉన్న మాటకి అర్థం ఉందా అన్నది దాని పని కాదు. జత కుదర్చడంలో మాత్రం దానికి సాటి లేదు. దానంతట అది లక్ష అక్షరాలకి ఒకటి చొప్పున తప్పుతుంది. తప్పగానే వెనక్కి జరిగి ఆ అక్షరాన్ని కొరికేసి మళ్లీ పెడుతుంది. అప్పటికీ మిగిలినవాటిని వెనకాలే వచ్చే రిపేర్ ముఠా సరిచేస్తుంది. అన్నీ కలిపితే సుమారు వంద కోట్ల అక్షరాలకి ఒక తప్పు. ఈ పని మన కణాల్లో సెకనుకి 50 అక్షరాల వేగంతో, ఒకేసారి వేల చోట్ల మొదలై, సుమారు ఎనిమిది గంటల్లో పూర్తవుతుంది. పాలిమరేజ్ ఒక దిక్కుకే నడుస్తుంది కాబట్టి ఒక వరుస ఏకబిగిన తయారైతే, రెండోది ముక్కలు ముక్కలుగా తయారై అతుక్కుంటుంది. ఒకజాకి ముక్కలని ఇంటర్మీడియట్‌లో బట్టీ పట్టింది ఇవే. తాతకి ఇదంతా చెప్పలేదు, అవసరం లేదు.

కానీ తప్పే పడ్డ అక్షరానికి ఒకసారి సరైన జత కుదిరిపోయాక, రిపేర్ ముఠాకి అక్కడ పని లేదు. జీకి ఎదురుగా సీ కుదిరింది, సీకి ఎదురుగా జీ కుదిరింది. చూడ్డానికి ఏ లోపమూ లేదు. ఆ తర్వాత ఎన్నిసార్లు కాపీ అయినా అంతే నమ్మకంగా దిగుతుంది. ఒక అండం తయారయ్యేలోపు ఆ వంశం కణాలు ఇరవైకి పైగా సార్లు చీలుతాయి. పాతికేళ్లు దాటిన మగవాడి వీర్యకణం వెనక వందల చీలికలు ఉంటాయి. అన్నిటిలోనూ ఆ సీ చెదరలేదు.

తాత కాసేపు చింపిన ముక్కల్ని చూసి అన్నాడు: "చిటికి కట్టేటప్పుడు కట్ట మీద ఒక్క ముడి జరిగితే, రంగుల ముంచినంక ఆ కట్టల ఉన్న పోగులన్నిటికీ అదే జాగల మచ్చ పడ్తది. నేసేటోని తప్పు కాదు గది. వాడు వచ్చిన పోగు వచ్చినట్టే నేస్తడు."

ఇంత బాగా నేను చెప్పలేను. పోలిక మొత్తం సరిపోదు, చిటికిలో ఒక పోగు ఇంకో పోగుని చూసి రాయదు, అన్నీ ఒక్కసారే మునుగుతాయి. కానీ నేసినవాడి తప్పు కాదన్న ముక్క కోడలికి చేరింది. ఆమె అప్పటిదాకా కాగితం వైపు చూడలేదు. అప్పుడు చూసింది.

ఒక్క అక్షరానికి ఇంత ఎందుకు

తండ్రి అడిగిన ప్రశ్న వేరు. పని లేని భాగం అంటున్నారు కదా, అక్కడ మారితే ఏమవుతుంది? మంచి ప్రశ్న. డీఎన్ఏ నుంచి ఆర్‌ఎన్‌ఏ నకలు తీసినప్పుడు ఇంట్రాన్ కూడా వస్తుంది, తర్వాత దాన్ని కత్తిరించి పారేయాలి. ఎక్కడ కోయాలో చెప్పే గుర్తు ఆ మొదటి ఆరు అక్షరాల్లోనే ఉంది. అందులో మొదటి రెండు, జీ టీ, బాగానే ఉన్నాయి కాబట్టి కత్తెర ఎప్పుడో ఒకసారి సరైన చోట పడుతుంది. అయిదోది మారడంతో ఎక్కువసార్లు పక్కన ఇంకెక్కడో కోస్తుంది, ఆ నకలు చెత్త కిందే లెక్క. బీటా చాలా కొద్దిగా తయారవుతుంది. దాని జోడీ అయిన ఆల్ఫా మాత్రం మామూలుగానే వచ్చి, జత దొరక్క గడ్డకట్టి, ఎర్రకణాన్ని మజ్జలోనే చంపేస్తుంది.

తల్లికీ తండ్రికీ ఒక కాపీ బాగుంది, ఒకటి పాడైంది. బాగున్నది సర్దుకుపోతుంది. పాపకి రెండూ పాడైనవే వచ్చాయి. తాతకీ, ఆయన చెల్లెలికీ పరీక్ష చేస్తే ఇద్దరికీ ఏ2 ఎక్కువే. చనిపోయిన వాళ్ల అమ్మ లేదా నాన్న దగ్గరున్న ఒక్క సీ రెండు దారుల్లో దిగి, మేనరికంతో పాపలో కలిసిందన్నమాట. మేనరికం జబ్బుని పుట్టించదు, విడివిడిగా నడుస్తున్న రెండు కాపీలని ఒకచోటికి తెస్తుంది. బయటి సంబంధం చేసుకున్నా అవతలివాళ్లూ క్యారియరే అయితే కథ ఇదే.

రెండో కాన్పు

పాపకి మూడు వారాలకోసారి రక్తం ఎక్కిస్తున్నారు, హిమోగ్లోబిన్ 9.5 కంటే తగ్గకుండా చూస్తున్నాం. ఒక్కో యూనిట్‌తో సుమారు 200 మిల్లీగ్రాముల ఐరన్ ఒంట్లోకి చేరుతుంది, బయటికి పంపే దారి శరీరానికి లేదు. ఇలాంటి పిల్లకి నేను ఆరు వారాలు ఐరన్ సిరప్ పోయించాను. ఆ మోతాదుతో పెద్ద నష్టం జరగలేదు, కానీ గుర్తొచ్చినప్పుడల్లా చురుక్కుమంటుంది. రెండేళ్లు దాటేసరికి ఒంట్లో ఐరన్ నిల్వని చెప్పే ఫెరిటిన్ వెయ్యి దాటింది, ఐరన్ తీసే మందు మొదలైంది.

అప్పుడే తల్లికి మళ్లీ నెల తప్పింది. ఈసారి ఎనిమిదో వారంలోనే వచ్చింది. ప్రతి కాన్పుకీ నాలుగింట ఒక వంతు ప్రమాదం. మొదటి బిడ్డకి వచ్చింది కాబట్టి మిగతా ముగ్గురికీ రాదు అనే లెక్క కాదని రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. పదకొండో వారంలో హైదరాబాద్‌లో గర్భంలోని మాయ (ప్లసెంటా) నుంచి చిన్న ముక్క తీశారు. బిడ్డకి జబ్బుంటే ఏం చేయాలనేది భార్యాభర్తలు ముందే మాట్లాడుకున్నారు, అందులో నేను తల దూర్చలేదు. ఆడా మగా అన్నది చెప్పరు, చెప్పకూడదు.

పిసరంత ముక్కలో డీఎన్ఏ ఎంతుంటుందని తండ్రికి అనుమానం. దాన్ని కూడా కాపీ చేసే పెంచుతారని చెప్పాను. 1983లో కేరీ మల్లిస్‌కి తట్టిన పీసీఆర్ అదే. కణంలో ఎంజైమ్‌లు చేసే విడదీసే పనిని ఇక్కడ 95 డిగ్రీల వేడి చేస్తుంది. చల్లార్చగానే ప్రైమర్లు, అంటే కాపీ ఎక్కడ మొదలవ్వాలో చూపే చిన్న డీఎన్ఏ ముక్కలు, అతుక్కుంటాయి, 72 డిగ్రీల దగ్గర పాలిమరేజ్ జత రాస్తుంది. ఒకటి రెండు, రెండు నాలుగు. ముప్పై చుట్లకి 107 కోట్లు. వేడి నీటి బుగ్గల్లో బతికే బ్యాక్టీరియా నుంచి తెచ్చిన టాక్ పాలిమరేజ్ కాబట్టి ఆ వేడికి చెడిపోదు.

నాకు ఇందులో ఎప్పుడూ ముచ్చటగా అనిపించేది ఒకటుంది. ఈ మార్పుని పట్టే పద్ధతిలో ప్రైమర్ చివరి అక్షరం సరిగ్గా ఆ అయిదో అక్షరం మీద కూర్చుంటుంది. జత కుదిరితే కాపీ సాగుతుంది, కుదరకపోతే ఆగుతుంది. టాక్‌కి మన పాలిమరేజ్ లాగా వెనక్కి వచ్చి దిద్దే అలవాటు లేదు. ఆ అలవాటే ఉంటే కుదరని అక్షరాన్ని కొరికేసి సరిచేసుకుని ముందుకెళ్లేది, పరీక్షే పనికిరాకుండా పోయేది. దిద్దుకోవడం చేతకాని ఎంజైమ్ ఇక్కడ మనకి అక్కరకొచ్చింది.

తల్లి కణాలు శాంపిల్‌లో కలవలేదని విడిగా చూసుకుని రిపోర్ట్ ఇచ్చారు. రెండు గీతలూ ఉన్నాయి. ఒక జీ, ఒక సీ. బిడ్డ క్యారియర్, జబ్బు లేదు. ఆ సాయంత్రం తండ్రి ఫోన్ చేసి "పోగు మంచిగనే ఉందా సార్" అని అడిగాడు. ఇంట్లో ఆ మాటే స్థిరపడిపోయినట్టుంది.

బాబు పుట్టాడు. మూలకణాల మార్పిడి కోసం అక్కతో హెచ్‌ఎల్‌ఏ (కణాల మీద ఉండే గుర్తులు) సరిపోతుందేమో చూశాం. సరిపోలేదు. పాప ఇంకా మూడు వారాలకోసారి హైదరాబాద్ బస్సెక్కుతోంది. ఫెరిటిన్ మొన్న 1,850 ఉంది. మందు వాసన పడదని ఉమ్మేస్తోందట, బత్తాయి రసంలో కలిపి తాగించమన్నాను.

కుండమార్పిడి

ఈ కేసులో అన్నిటికంటే కష్టంగా నడిచింది ఇది. తల్లికి తమ్ముడు ఉన్నాడు. అతనికి తాత చిన్న కూతురినే ఇవ్వాలని చిన్నప్పుడే అనుకున్నారు. ఆ ఇంటి పిల్ల ఈ ఇంటికి వచ్చింది కాబట్టి ఈ ఇంటి పిల్ల ఆ ఇంటికి, కుండమార్పిడి. పరీక్ష చేయించుకోమంటే తమ్ముడి వైపు కోపం వచ్చింది. "మా పిల్లగానికి ఏమొచ్చిందని? రిపోర్ట్ బయటపడితే ఎవ్వలిస్తరు పిల్లని?" అని వాళ్ల నాన్న నాతోనే అన్నాడు. ఆ భయాన్ని తేలిగ్గా తీసిపారేయలేను. క్యారియర్ అన్న మాట మన ఊళ్లలో రోగి అన్నట్టే వినిపిస్తుంది. క్యారియర్‌కి మందు అక్కర్లేదు, మంచం పట్టడు, మగ్గం నేస్తాడు. ఒక్కరే క్యారియర్ అయితే పెళ్లికీ అడ్డు లేదు. ఈ చివరి వాక్యం మాత్రం మూడు ఇళ్లలో మూడుసార్లు చెప్పాను.

నెల రోజుల తర్వాత ఒక రాత్రి ఓపీ అయిపోయాక తమ్ముడు ఒక్కడే బండి మీద వచ్చాడు. ఇంట్లో చెప్పొద్దన్నాడు. ఎంసీవీ 66, ఏ2 5.4. రిపోర్ట్ మడిచి జేబులో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. చెప్పాలా వద్దా అన్నది తన ఇష్టం, నేను ఎవరికీ చెప్పను అన్నాను. వారం తర్వాత తనే వెళ్లి మేనమామకి చెప్పాడట.

నిన్న పొద్దున తాత తన చిన్న కూతురిని వెంటబెట్టుకుని వచ్చాడు. శాంపిల్ తీస్తుంటే ఆ అమ్మాయి మొహం అటు తిప్పుకుంది, తాత మాత్రం గొట్టంలోకి దిగుతున్న రక్తాన్నే చూస్తూ నిలబడ్డాడు. రిపోర్ట్ గురువారం వస్తుంది.